బియ్యంలో రాసిన పేరు

మా ఊళ్లో తంతి అంటే చావు కబురే. శుభవార్తకు తంతి కొట్టించే దుబారా మనిషి ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. అందుకని అరవై అయిదులో, యుద్ధం జరుగుతున్న రోజుల్లో, పోస్టు మనిషి మా వాకిట్లో సైకిలు దిగి "తంతి వచ్చిందమ్మా" అన్నాడో లేదో, పక్కింటి ముసలమ్మ గుండెలు బాదుకుంటూ శోకాలు అందుకుంది. ఆమెను చూసి ఎదురింటి ఆడవాళ్లు, వాళ్లను చూసి వీధి చివరివాళ్లు. కాగితం ఇంకా విప్పనే లేదు, పోస్టు మనిషి చేతిలోనే ఉంది. ఎవరి గురించి అని అడిగినవాళ్లు కూడా లేరు. అడగాల్సిన పని లేదనుకోండి. మా ఇంట్లోంచి యుద్ధానికి పోయింది మా అన్న ఒక్కడే. యుద్ధవిమానం నడిపేవాడు.

నాకప్పుడు పదిహేడేళ్లు. తోటపల్లి గూడూరు నుంచి సముద్రం వైపు పోతే, వరి కయ్యలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఉంటుంది మా ఊరు. ఆడపిల్లనైనా ఎనిమిదో తరగతి వెలగబెట్టాను కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలను. ఆ కాగితం మీది అక్షరాలన్నీ కూడబలుక్కున్నాను. మా అన్న పేరు తప్ప ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఎవరో పరిగెత్తి బడిలోంచి అయ్యవారిని పిలుచుకొచ్చారు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చదివాడు, మళ్లీ చదివాడు, తలెత్తి మా అమ్మను చూశాడు.

"పోయిన విమానం తిరిగి రాలేదంటమ్మా. అబ్బాయి కనపడ్డం లేదంట. అంతే రాసుండాది."

మా అమ్మ పశువులకు కుడితి కలుపుతూ అట్లాగే వచ్చి నిలబడింది, మోచేతుల దాకా తవుడు. ఆమె అయ్యవారిని చూడలేదు. వాకిట్లో కూలబడి ఏడుస్తున్న ఆడవాళ్లను చూసింది.

"కనపళ్లేదనే గదా రాసినారు? కనపడకపోతే ఎతుకుతారు. మీరేంది ఏడస్తుండారు? నా బిడ్డ చచ్చినాడని మీకెవురు చెప్పినారు? లెయ్యండి! నా వాకిట్లోనుంచి లెయ్యండి ముందు!"

లేవకపోయేసరికి పక్కనున్న కుండలో నీళ్లు తీసి వాళ్ల మీద కుమ్మరించింది. పక్కింటి ముసలమ్మ శోకం సగంలో ఆపేసి, తడిసిన చీర పట్టుకుని, "పాపం గదా అని ఏడిస్తే ఇదా మరేద" అని గొణుక్కుంటూ పోయింది. నేను నవ్వాను. అవును, నవ్వాను. కడుపులోంచి తన్నుకొచ్చింది, ఆపుకోలేకపోయాను. మా అన్న కనపడ్డం లేదని తెలిసిన రోజు నేను నవ్వానని తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్లు జలదరిస్తుంది. అది నవ్వు కాదనీ, మతిపోతే మనిషి అట్లా చేస్తాడనీ తర్వాత తెలిసింది.

మా నాయనకు కబురందేసరికి దుక్కిలో ఉన్నాడు. మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. అయ్యవారు మళ్లీ చెప్పాడు. నాయన కాగితం తీసుకుని, మడిచి, రొంటిన దోపుకుని, "మబ్బేసుకొస్తుండాది, ఎడ్లు ఒంటిగా ఉండాయి" అని వెనక్కి తిరిగి కయ్య దగ్గరికి పోయాడు. పోయి దున్నాడు. అప్పటికే దున్నిన కయ్యనే మళ్లీ దున్నాడని జీతగాడు వచ్చి చెప్పాడు.

మా వదిన లోపలి గదిలో ఉంది, కడుపుతో. యుద్ధం వచ్చేటట్టుందని అన్న పనిచేసే చోట క్వార్టర్సులోంచి ఆడవాళ్లను ముందే ఇళ్లకు పంపేశారు, అట్లా మా దగ్గరికి వచ్చింది. దొరవారిసత్రం పిల్ల. నెమ్మదస్తురాలు, నాలాగా నోరు పారేసుకునే రకం కాదు. నేను లోపలికి పోయి చెబితే ఏడవలేదు. "నీళ్లు తెచ్చిపెట్టు" అంది. చెంబెడు నీళ్లు గటగటా తాగేసి, ఖాళీ చెంబు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మా అన్న ఆకాశంలోకి పోతాడని మా వంశంలో ఎవడూ కలగనలేదు. యాభైల చివర నెల్లూరు కాలేజీలో చదువుకుంటూ, ఎవరికీ చెప్పకుండా పరీక్షలకు పోయి, ఎంపికయ్యాక ఇంటికొచ్చి చెప్పాడు. "నేల మీద పని కరువైందా నీకు?" అని మా నాయన నెల రోజులు వాడితో మాట్లాడలేదు. మా అమ్మ మాత్రం అప్పటినుంచీ ఊరి మీద ఏ విమానం పోయినా, చేతిలో ఉన్న గరిటెతో సహా వాకిట్లోకి పరిగెత్తి చెయ్యి ఊపేది. సెలవులో వచ్చినప్పుడు వాడు పడీపడీ నవ్వాడు. "అమ్మా, అది మద్రాసు పోయే ఉత్తరాల విమానం. నేనుండేది ఇక్కడికి వెయ్యి మైళ్లు." "ఉత్తరాల విమానమైతే ఏం, దాంట్లో ఉండేవాడు మాత్రం ఒక తల్లి బిడ్డ కాదా" అని మా అమ్మ. అన్నం తింటూ తింటూ, ఒక విమానం వెనకాల ఇంకోటి ఎట్లా పడుతుందో వాడు రెండు చేతులూ గాల్లో తిప్పి చూపించేవాడు. మెతుకులు నా మీద పడేవి. "ఎంగిలి చేత్తో ఏంది ఆ ఆటలు, తిను ముందు" అని కసిరేది అమ్మ.

ఇక్కడ మా ఇంటి పేర్ల సంగతి చెప్పాలి, చెప్పకపోతే తర్వాతది మీకు అందదు. మా ఇళ్లలో బిడ్డకు పేరు తండ్రే పెట్టాలి. పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో ఆ బియ్యంలో పేరు రాసి, బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్పాలి. తండ్రి లేకపోతేనే తాత. ఇక పెట్టే పేరు ఎప్పుడూ పోయినవాళ్లదే. బతికున్నవాళ్ల పేరు పెట్టడం ఎంత తప్పంటే, అది వాళ్లను చావమన్నట్టే. మా అన్నకు మా తాత పేరు పెట్టారు. మామగారి పేరు కోడలు పలకగూడదు కాబట్టి మా అమ్మ కన్నకొడుకును ఏనాడూ పేరుతో పిలవలేదు. "పెద్దోడా" అనేది. మా వదిన సరేసరి, మొగుడి పేరు పలికే ఆడది మా వైపు ఆ రోజుల్లో పుట్టలేదు. నాకు వాడు అన్న. ఇంతకీ ఆ పేరు మా ఇంట్లో నోరారా పిలిచింది మా నాయన ఒక్కడే. పొలం నుంచి వస్తూ కట్ట మీదినుంచే కేకేసేవాడు. నేను కూడా ఇక్కడ రాయను. అలవాటు లేదు.

యుద్ధం ఆగింది. అటువాళ్లకు పట్టుబడ్డ మనవాళ్లు కొందరు ఉన్నారని, వాళ్లను వదిలిపెడతారని రేడియోలో చెప్పారు. మా నాయన పంచాయతీ ఆఫీసు రేడియో దగ్గర ఉదయం పోయి కూర్చునేవాడు, కూడు అక్కడికే పంపేవాళ్లం. వాళ్లు వచ్చారు. ఎవరెవరి కొడుకులో వచ్చారు. మావాడు రాలేదు. "వీళ్లే అందరూ కాదంట, ఇంకా ఉండొచ్చంట" అని ఎవరో అన్నారు. ఎవరన్నారో, వాళ్లకెట్లా తెలుసో అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. ఆ ఒక్క మాట పట్టుకుని మా అమ్మ ఏళ్లు గడిపేసింది.

ఆ మధ్యలోనే మా అన్నతోపాటు పని చేసిన ఒకాయన వాడి ట్రంకుపెట్టె తీసుకుని వచ్చాడు. అరవ ఆయన, మద్రాసు మనిషి. పెట్టెలో మడతపెట్టిన బట్టలు, గడ్డం గీసుకునే సామాను, పెళ్లినాటి ఉంగరం. విమానం ఎక్కేముందు ఉంగరం తీసి పెట్టేసేవాడంట. మా అమ్మ ఆ పెట్టె చూసి ఏడవలేదు సరికదా, "సామాను జాగర్తగా ఉండాది, వాడొస్తే ఎతుక్కునే పని లేదు" అంది. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. అన్నం పెట్టాం. మొహమాటానికి నాలుగు ముద్దలు తిన్నాడు. చెయ్యి కడుక్కోవడానికి బావి దగ్గరికి పోతే, వదిన చెంబుతో నీళ్లు పోసింది. నేను వంటింట్లోంచి చూస్తున్నాను. ఆయన తల వంచుకుని అరవంలో ఏదో చెబుతున్నాడు. అరవదేశానికి దగ్గరున్న సత్రం వైపు పిల్ల కాబట్టి వదినకు అరవం బాగా వచ్చు, మాకు రాదు. ఆయన చేతులు ఎప్పుడో శుభ్రమైపోయినాయి, అయినా వదిన నీళ్లు పోస్తూనే ఉంది. ఓదారుస్తున్నాడు కాబోలు అనుకున్నాను. చెంబు ఖాళీ అయినాక కూడా ఆమె చెయ్యి వంచే ఉంది.

సంక్రాంతి దాటినాక మగబిడ్డ పుట్టాడు. అచ్చం మా అన్నే, ఆ చెవులు, ఆ నుదురు. పురుడు కడిగారు. పేరు పెట్టే రోజు వచ్చింది.

"వాడొచ్చి రాస్తాడు" అంది మా అమ్మ. అనడమే కాదు, కొత్తగా ఇంటికొచ్చిన మొలకొలుకుల బియ్యం ఏరి, చిన్న కుండలో పోసి, పసుపుగుడ్డ వాసెన కట్టి, పేరు రాసేదానికని దేవుడి గూట్లో పెట్టింది.

మా పెద్దత్త ఒకామె ఉండేది, మా నాయన అక్క. చిన్నప్పుడే మొగుడు పోయి, తమ్ముడి ఊళ్లోనే ఇల్లు కట్టుకుని, మా కొంపలో ఏం జరిగినా తానే పెద్దరికం చేసేది. ఆమె మాటంటే నాకు ఒళ్లు మంట. కానీ ఆ రోజు అడిగింది మాత్రం అడగాల్సిన ప్రశ్నే.

"ఈ బిడ్డకు తండ్రి ఉన్నట్టా, లేనట్టా? ఉంటే వాడొచ్చి పెట్టాల. లేడంటే చెయ్యాల్సిన కర్మ చేసి తాత పెట్టాల. రెండూ గాకండా ఏందిది? ఎన్నాళ్లని ఇట్టా?"

"వాడొచ్చిందాకా" అంది మా అమ్మ.

మా నాయన కర్మ అన్న మాట వినపడగానే లేచి తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. మా ఇంట్లో పేరు పెట్టగలిగిన మనిషి ఆయనొక్కడే. ఆయన పెడితే కొడుకు లేడని ఒప్పుకున్నట్టు. అందుకని పెట్టడు. మనవణ్ణి ఎత్తుకుంటాడు, కయ్య గట్ల మీద తిప్పుతాడు, నోటికి మెత్తగా నమిలి పెడతాడు, పేరు మాత్రం పెట్టడు. చిన్నోడా అని అమ్మ, బుజ్జోడా అని నేను, అబ్బయ్యా అని నాయన, కన్నా అని వదిన. ఇంతమంది ఇన్ని రకాలుగా పిలిచేసరికి వాడు దేనికీ పలికేవాడు కాదు. నాకు తిక్క రేగేది. పసిబిడ్డ ఏం పాపం చేశాడు? ఒకసారి అమ్మతో అనేశాను కూడా. "ఏదో ఒక దేవుడి పేరు పెట్టి పారేయరాదా, అన్న వచ్చినాక మార్చుకుంటాడు." అమ్మ నా వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను.

ఏటేటా పంట ఇంటికి రాగానే ఆ కుండలో పాత బియ్యం తీసి వండి, కొత్త బియ్యం ఏరి పోసేది మా అమ్మ. ఏడాది తిరిగేసరికి పురుగు పట్టేది మరి. మొదటిసారి మార్చేటప్పుడు "వాడికి సెలవు దొరకలేదేమో" అన్నట్టుగా మామూలుగా మార్చింది. తర్వాత తర్వాత ఎవరూ లేనప్పుడు చూసి మార్చేది. మా నాయన ఎవరైనా ఫలానా ఆఫీసరు తెలుసంటే చాలు, చొక్కా తొడుక్కుని నెల్లూరు పోయి మద్రాసు బండి ఎక్కేవాడు. తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటూ "ఎతుకుతుండారంట" అని ఒకే మాట చెప్పేవాడు. ఊరి మీద విమానం పోతే అమ్మ వాకిట్లోకి రావడం మానేసింది. పొయ్యి ముందే కూర్చుని, ఆ చప్పుడు సముద్రం మీదికి పోయి ఆగిందాకా గరిటె కదిపేది కాదు.

వాడికి నాలుగో ఏడు నడుస్తుండగా మా వీధిలోకి టీకాలు వేసే ఆవిడ వచ్చింది. పిలకాయలందరినీ మా అరుగు మీదే కూర్చోబెట్టారు. వదిన మావాడి జబ్బ పట్టుకుని ఉంది. ఆవిడ మంచి మనిషి, బిడ్డ భయపడకుండా మాటల్లో పెట్టి "నీ పేరేంటి నాన్నా?" అని అడిగింది.

వాడు ఛాతీ ముందుకు పెట్టి గట్టిగా చెప్పాడు. "పేర్లేనోడు."

వీధిలో పిలకాయలు వాణ్ణి అట్లా పిలుస్తున్నారని మాకెవరికీ తెలియదు. వాడు దాన్ని ఎగతాళి అనుకోలేదు. అందరికీ ఒక పేరు ఉన్నట్టే తనకూ ఒకటి ఉందనుకున్నాడు. చెప్పి, సరిగ్గా చెప్పానా అన్నట్టు తల్లి మొహంలోకి చూశాడు. పిలకాయలు ఘొల్లుమన్నారు. నేను లేచి దొరికినవాణ్ణి దొరికినట్టు వీపు పగలగొట్టాను, ఆవిడ వద్దమ్మా వద్దమ్మా అంటున్నా వినలేదు. వదిన మాత్రం కదల్లేదు. టీకా వేయించింది. బిడ్డ ఏడిస్తే ఊదింది. ఆవిడకు మజ్జిగ ఇచ్చి పంపింది.

పంపినాక స్నానం చేసి వచ్చి, దేవుడి గూట్లోంచి ఆ కుండ దించింది.

మా నాయన ఆ రోజు ఊళ్లో లేడు. మళ్లీ ఎవరో ఆఫీసరంటే మద్రాసు పోయి ఉన్నాడు. అమ్మ పెరట్లోంచి వచ్చి చూసేసరికి, వదిన నడవలో ఇత్తడి పళ్లెం పెట్టి, వాసెన గుడ్డ విప్పి, బియ్యం పోసి చేత్తో చదును చేస్తోంది. పక్కన ట్రంకుపెట్టెలో వచ్చిన ఉంగరం. ఒళ్లో బిడ్డ.

"ఏంది మే ఆ పని? వాడొచ్చి రాస్తాడని చెప్పినా గదా!"

"రాడు అత్తా" అంది వదిన.

నాలుగేళ్లకు మా ఇంట్లో ఆ మాట అన్న మొదటి మనిషి ఆమె. గొంతు పెంచలేదు. తల ఎత్తలేదు.

"పెట్టె తెచ్చినాయన బావి కాడ చెప్పిపోయినాడు. పక్క విమానంలో ఉండి ఆయనే చూసినాడంట. నేలకు కొట్టుకుని కాలిపోయింది, గాల్లో దిగే గొడుగు ఇప్పుకుని దూకింది లేదు. దేహం చూసినవాళ్లు ఎవురూ లేరు గనక కనపళ్లేదనే రాస్తారంట. నాకు ఆ పొద్దే తెలుసు. నీ ఆశ మీద నీళ్లు ఎట్టా చల్లేదని గమ్మునుండా. కుండలో బియ్యం మారుస్తుంటే చూస్తూ గమ్మునుండా. ఇంక నా వల్ల కాదు అత్తా. నా బిడ్డ వాడి పేరు పేర్లేనోడని చెప్పినాడు."

నాలుగేళ్లు! ఒకే గదిలో పక్కపక్కన పడుకున్నాం, ఒకే పళ్లెంలో తిన్నాం. రేడియో వార్త వచ్చినప్పుడల్లా "అన్న వస్తాడు వదినా" అని నేను వాగుతుంటే "ఆఁ" అనేది. ఆ "ఆఁ" అనడానికి ఆమె ఏం తిని బతికిందో నాకు తెలియదు.

వదిన ఉంగరం పట్టుకుని బియ్యంలో రాయడం మొదలుపెట్టింది. మొదటి అక్షరం రాయగానే నాకు తెలిసిపోయింది. మా అమ్మకు చదువు రాదు. పళ్లెం వైపు చూస్తూ నన్ను అడిగింది.

"ఏం పేరు మే అది? ఏం రాస్తుండాది? చదువు."

నేను చదవలేదు. ఎట్లా చదువుతాను?

"నిన్నే! నోరు పడిపోయిందా? ఏ దేవుడి పేరు?"

వదిన రాయడం ముగించి, బిడ్డ తల దగ్గరికి లాక్కుని, కుడి చెవిలో చెప్పింది. మొగుడి పేరు. పెళ్లయిన నాటినుంచీ పెదవుల మీదికి రానీయని పేరు మూడుసార్లు, మా ఇద్దరికీ వినపడేటట్టు చెప్పింది. చెవిలో చక్కిలిగింత పుట్టి బిడ్డ కిలకిలా నవ్వాడు.

బతికున్నవాళ్ల పేరు పెట్టరు. అది మా అమ్మకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఆమె నిలబడ్డ చోటే నిలబడింది. అరుస్తుందనుకున్నాను, పళ్లెం తన్నేస్తుందనుకున్నాను. ఆమె మొహంలో ఏమీ లేదు. రక్తం అంతా ఎవరో తోడేసినట్టు తెల్లగా పాలిపోయింది.

"నా కొడుకును చంపేసినావు గదే" అంది మెల్లగా. అని, కుడితి సగంలో వదిలొచ్చిన పెరట్లోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత వదినతో మాట్లాడలేదు. తినమంటే తినలేదు. వదిన వండింది ముట్టలేదు. నేను ఇద్దరి మధ్యా తిరుగుతూ ఇద్దరినీ తిట్టాను, ఇద్దరి కాళ్లూ పట్టుకున్నాను. ఫలితం సున్నా.

మర్నాడు పెద్దత్త ఇద్దరు ఆడవాళ్లను వెంటేసుకుని దిగబడింది. ఊళ్లో కబురు దాగుతుందా? "ఇప్పటికైనా తేల్చినారు, మంచిదే. ఇంక ఆ పిల్ల మొహాన బొట్టేంది, చేతుల గాజులేంది? జరగాల్సింది జరిపించాల గదా" అని లోపలికి అడుగు వేయబోయింది. వదిన వంటింటి గడపలో నిలబడి వింటోంది. ఒక చెయ్యి రెండో చేతి గాజుల మీద ఉంది.

మా అమ్మ పెరట్లోంచి వచ్చింది. ముందు రోజు నుంచీ నోట్లో మెతుకు లేదు, నడుస్తుంటే తూలుతోంది. వచ్చి గడపకు అడ్డంగా కూర్చుంది.

"వొదినా, దాని మీద నాకు కోపముండాది. చచ్చిందాకా ఉంటాది. అది నాకూ దానికీ. ఆ బొట్టు పెట్టి దాన్ని ఇంట్లోకి తెచ్చుకున్నది నేను. దాని మొహం మీద చెయ్యేస్తే ఆ చెయ్యి ఇరగ్గొడతా. పో."

పెద్దత్తను అమ్మ ఎదిరించడం నేను అంతకుముందు చూడలేదు. పెద్దత్త కూడా చూడలేదు కాబోలు, వచ్చిన దారినే పోయింది. వదిన వచ్చి అమ్మ వెనకాల నేల మీద కూర్చుంది. అమ్మ తిరిగి చూడలేదు, లేచీ పోలేదు. వదిన పళ్లెంలో అన్నం కలిపి ముందు పెడితే మాత్రం రెండు ముద్దలు తినింది.

మా నాయన వచ్చింది ఆ సాయంత్రమే.

నేను వాకిలి చిమ్ముతున్నాను. అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది, ఏ పనీ లేకుండా. బిడ్డ వాకిట్లో దూడతో ఆడుతున్నాడు. దూడ తాడు విదిలించుకుని కాలవ వైపు పరుగెత్తింది, వాడు దాని వెనకాల. వానలు పడి కాలవ నిండుగా పోతోంది. నేను చీపురు పడేసి లేచేలోపలే వాడు గట్టు ఎక్కేశాడు.

మా అమ్మ కేక పెట్టింది. చిన్నోడా అనలేదు. ఆ పేరే అరిచింది. మామగారి పేరని నలభై ఏళ్లు నోట రానీయని పేరు, కన్నకొడుకును కూడా ఏనాడూ పిలవని పేరు, ఊరంతా వినపడేటట్టు అరిచింది. ఒకసారి కాదు, వాడు ఆగిందాకా. వాడు గట్టు మీద టక్కున ఆగి వెనక్కి చూశాడు. పెట్టి రెండు రోజులన్నా కాలేదు, ఆ పేరుకు వాడు పలికాడు.

నేను పోయి వాణ్ణి చంకనేసుకుని ఇంట్లోకి తెచ్చాను. వదిన వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. అప్పుడు వినపడింది, రోడ్డు వైపు నుంచి ఎవరో పరిగెత్తి వస్తున్న చప్పుడు.

మా నాయన బస్సు దిగి కట్ట మీద వస్తున్నాడంట. పేరు పెట్టిన సంగతి ఆయనకు తెలియదు. కట్ట మీద ఉండగా, ఇంటి వైపు నుంచి పెళ్లాం గొంతు తన కొడుకు పేరు పెట్టి అరవడం వినపడింది. ఏమనుకుంటాడు? ఏ తండ్రైనా ఏమనుకుంటాడు?

ఒక కాలి చెప్పు లేదు. తువ్వాలు ఎక్కడ పడిపోయిందో లేదు. చేతిలో సంచీ మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. వాకిట్లోకి వచ్చిపడి, ఒగరుస్తూ, మమ్మల్ని ఎవరినీ చూడకుండా "యాడ? యాడుండాడు? ఎప్పుడొచ్చినాడు?" అని లోపలికి దూరాడు. ఆ మొహం నేను మరిచిపోలేను. అంత సంతోషం మనిషి మొహం మీద నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. నడవలో చూశాడు, గదిలో చూశాడు, పెరటి తలుపు తీసి చూశాడు. అమ్మ చెయ్యి చాచింది, ఆపడానికి. ఆయన నడవలోకి తిరిగొచ్చి, వాడు చిన్నప్పుడు దాక్కుంటే పిలిచేవాడే, అచ్చం అట్లాగే, పేరు పెట్టి కేకేశాడు.

"ఇక్కడుండా తాతా" అన్నాడు నా చంకలోంచి బిడ్డ.

నాయన వాడి వైపు చూశాడు. తర్వాత అమ్మను చూశాడు, వదినను చూశాడు. దేవుడి గూట్లో ఖాళీగా ఉన్న కుండను చూశాడు. బిడ్డ, తాతకు వినపడలేదనుకున్నాడేమో, నా చంకలోంచి జారి, పోయి ఆయన పంచె పట్టుకుని ఊపాడు. "నేనే తాతా. ఆ పేరు నాదే. అమ్మ పెట్టింది."

మా నాయన మెల్లగా నేల మీద కూర్చున్నాడు. వాణ్ణి ఒళ్లోకి తీసుకుని, వాడి తల గుండెకు ఆనించుకుని, ఆ పేరు మళ్లీ పిలిచాడు. వాడు మళ్లీ ఆఁ అన్నాడు. పిలిచినప్పుడల్లా వాడు పలికాడు. అప్పుడు ఏడ్చాడు మా నాయన. తంతి వచ్చిన రోజు మా అమ్మ మా వాకిట్లోంచి తరిమేసిన ఆ ఏడుపు, పక్కింటి ముసలమ్మ సగంలో ఆపేసిన ఆ ఏడుపు, ఇన్నేళ్లకు మా ఇంట్లోకి వచ్చింది. అమ్మ పోయి ఆయన పక్కన కూర్చుంది, వదిన చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టుకుంది. పక్కింటి ముసలమ్మ వచ్చి గుమ్మంలో నిలబడితే ఎవరూ పొమ్మనలేదు.

మా నాయన మళ్లీ మద్రాసు బండి ఎక్కలేదు.